హాల్ రెండర్‌లో సోఫా తేలుతోంది, నీడలు కుదరట్లేదు

#1 సర్జాపూర్_సత్తి
సర్జాపూర్ రోడ్డులో ఒక టూ బీహెచ్‌కే ఫ్లాట్, హాల్ 3డీ వ్యూ (కంప్యూటర్లో చేసే ఫోటోలాంటి బొమ్మ, అదే రెండర్) చేస్తున్నా. క్లయింట్ మనవాళ్ళే, నెల్లూరు వైపు. సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 4.2, అందులో రెండర్ ఇంజిన్ సైకిల్స్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. మోడలింగ్ అయిపోయింది, మెటీరియల్స్ పర్లేదు. లైటింగ్ దగ్గర ఆగిపోయా.

పడమటి బాల్కనీ గ్రిల్ గుండా సాయంత్రం ఎండ హాల్లో పడాలి. సన్ లైట్ యాంగిల్ (సూర్యుడు ఎంత వెడల్పుగా కనిపించాలో చెప్పే సెట్టింగ్) సున్నా పెడితే గ్రిల్ నీడ మరీ షార్ప్‌గా, కంప్యూటర్ గీతలా వచ్చింది. సాఫ్ట్ చేద్దామని 15 డిగ్రీలు పెట్టా. ఇప్పుడు గ్రిల్ నీడే మాయం. పైగా సోఫా, టీపాయ్, టీవీ యూనిట్ ఏదీ నేలకి ఆనినట్టు లేదు. హాల్ చీకటిగా ఉందని మూలకొకటి చొప్పున నాలుగు పాయింట్ లైట్లు పెట్టా, ఒక్కోటి 100 వాట్లు, రేడియస్ సున్నా. దాంతో ఫ్యాన్‌కి నాలుగు నీడలు. ఫాల్స్ సీలింగ్ కోవ్ (లైట్లు దాచే గాడి) దగ్గర, బాల్కనీ తలుపు దగ్గర తెల్ల చుక్కలు. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వెలుతురు ఎన్నిసార్లు లెక్కించాలో) 4096 ఇచ్చినా పోవట్లేదు.

క్లయింట్ చూసి "ఫోటోలా లేదు బాబూ, గేమ్‌లా ఉంది" అన్నారు. శుక్రవారం ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది.

#2 జీపీయూ_గోపి
శాంపిల్స్ పెంచు.

#3 నాయిస్_నాగమణి
గోపీ, 4096 అని రాశాడు కదా, చదివావా? నాయిస్ (రెండర్లో గరుకు చుక్కలు) సగం తగ్గాలంటే శాంపిల్స్ నాలుగింతలు చేయాలి. నీ మాట వింటే శుక్రవారం ఇవ్వాల్సింది సంక్రాంతికి ఇస్తాడు.

#4 జీపీయూ_గోపి
చదివా అక్కా. సగం చదివా.

#5 వడపళని_వాసు
యాంగిల్ పెంచితే నీడలన్నీ ఒకే మోతాదులో మెత్తబడతాయని చాలామంది అనుకుంటారు. నీడ అంచు వెడల్పు రెండిటి మీద ఆధారపడుతుంది: నీడ పడిన చోటు నుంచి చూస్తే లైటు ఎంత పెద్దగా కనిపిస్తోంది, నీడ వేస్తున్న వస్తువు ఆ చోటికి ఎంత దూరంలో ఉంది.

సూర్యుడు మనకి ఆకాశంలో 0.53 డిగ్రీల వెడల్పున కనిపిస్తాడు. లెక్క వేస్తే, వస్తువుని దాటాక ఎండ ప్రయాణించే ప్రతి మీటరుకీ నీడ అంచు 9 మిల్లీమీటర్ల చొప్పున మసకబారుతూ పోతుంది. మీ గ్రిల్ నుంచి హాల్ నేల మీదకి ఏటవాలుగా 4 మీటర్లు ఉందనుకోండి, అంచు మూడున్నర సెంటీమీటర్లు దాటుతుంది. సోఫా అడుగు నేలకి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అక్కడ అంచు ఒక్క మిల్లీమీటరు. దగ్గర షార్ప్, దూరం మెత్తన. ఆ తేడా కనబడితేనే వస్తువు నేల మీద ఉందని కన్ను నమ్ముతుంది.

15 డిగ్రీలకి అదే 4 మీటర్ల దగ్గర అంచు మీటరు దాటిపోతుంది. గ్రిల్ నీడ ఇంకెక్కడ ఉంటుంది? సోఫా కింద కూడా రెండున్నర సెంటీమీటర్లు చెదిరిపోయింది, అందుకే తేలుతోంది. బ్లెండర్లో సన్ యాంగిల్ డిఫాల్ట్‌గా 0.526 ఉంటుంది. అదే ఉంచండి. పల్చటి మబ్బు ఉన్న సాయంత్రంలా కావాలంటే ఒకటి, రెండు డిగ్రీలు. అంతకు మించి పోవద్దు.

#6 సర్జాపూర్_సత్తి
పెట్టా వాసు గారూ, గ్రిల్ నీడ వచ్చింది! కానీ హాల్ మధ్యకొచ్చేసరికి కడ్డీల నీడ బూడిద రంగులో లేతగా ఉంది. సన్ స్ట్రెంగ్త్ పెంచాలా?

#7 వడపళని_వాసు
కడ్డీ మందం ఎంత?

#8 సర్జాపూర్_సత్తి
12 ఎంఎం.

#9 వడపళని_వాసు
అయితే వచ్చింది కరెక్టే, ముట్టుకోవద్దు. 12 ఎంఎం కడ్డీ సూర్యుణ్ణి పూర్తిగా కప్పగలిగేది 1.3 మీటర్ల దూరం వరకే. అది దాటాక కడ్డీకి అటూ ఇటూ సూర్యుడి అంచులు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి నీడ పూర్తిగా నల్లబడదు. బాల్కనీ గచ్చు మీద నల్లగా, హాల్లోకి వచ్చేకొద్దీ లేతగా పడాలి. ఈ రోజు సాయంత్రం మీ ఇంట్లోనే చూడండి.

#10 కోరమంగళ_కల్యాణి
మా పీజీలో ఎండ పడటమా! కిటికీ తెరిస్తే పక్క పీజీ వాళ్ళ టూత్‌బ్రష్ చేతికి అందుతుంది. ఈ ఊళ్ళో గ్రిల్ నీడలు రెండర్లలోనే చూడాలి.

#11 ఆవకాయ_ఆర్కిటెక్ట్
సత్తీ, సన్‌ని చేత్తో తిప్పి అందంగా కనిపించిన చోట ఆపేశావా? క్లయింట్ నెల్లూరు వాళ్ళంటున్నావు, వాస్తు చూస్తారు, ఎండ దిక్కు తప్పితే మనకంటే ముందు వాళ్ళే పట్టేస్తారు.

బెంగళూరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఏప్రిల్ 24-25 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పెట్టిన కర్రకి నీడే ఉండదు. జీరో షాడో డే అని కోరమంగళలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళు జనానికి చూపిస్తుంటారు కూడా. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం ఎండ మనకి ఉత్తరం వైపు నుంచి వస్తుంది. యూరప్ వాళ్ళ ట్యుటోరియల్ చూసి ఎప్పుడూ దక్షిణం నుంచే ఎండ పెట్టేవాళ్ళు ఇది పట్టించుకోరు.

నీది పడమటి బాల్కనీ కాబట్టి ఇంకో లెక్క ఉంది. జూన్‌లో సూర్యుడు సరిగ్గా పడమరకి 24 డిగ్రీలు వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు, డిసెంబర్‌లో అంతే నైరుతి వైపు. అంటే అదే గ్రిల్ నీడ ఒక కాలంలో టీవీ గోడ మీదకి, ఇంకో కాలంలో సోఫా మీదకి పోతుంది. సన్ పొజిషన్ యాడాన్‌లో ఊరు, తేదీ, టైమ్ ఇవ్వు. 4.2 నుంచి అది ఎక్స్‌టెన్షన్, విడిగా దింపుకోవాలి. ప్లాన్‌లో ఉన్న ఉత్తరం బాణానికి తగ్గట్టు నార్త్ ఆఫ్‌సెట్ సరిచెయ్యడం మర్చిపోకు.

#12 మైలాపూర్_మధు
చెన్నైదీ దాదాపు అదే అక్షాంశం, అవే తేదీలు. కాకపోతే మా దగ్గర నడినెత్తిన సూర్యుడిని చూడ్డానికి బయటకొచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు.

#13 డెడ్‌లైన్_దుర్గ
అక్షాంశాలు, మిల్లీమీటర్లు బాగున్నాయి. కానీ పిల్లాడు శుక్రవారం ఇవ్వాలి. నా పద్ధతి చెప్తా: సన్ ఏదో ఒక పక్క నుంచి, కెమెరా వెనకాల ఒక పెద్ద ఏరియా లైట్, సీలింగ్ కింద ఇంకోటి, రెండూ కెమెరాకి కనబడకుండా. హాల్ తెల్లగా వెలిగిపోతుంది, క్లయింట్ హ్యాపీ. నేలకి ఆనట్లేదంటే ఫోటోషాప్‌లో ఏఓ పాస్ (మూలల్ని, వస్తువులు ఆనే చోట్లని నల్లగా చూపే పొర) మల్టిప్లై చేస్తే అయిపోయింది. ఇన్నేళ్ళలో నన్నెవరూ 'పెనంబ్రా (నీడ అంచు మసక) ఎంత?' అని అడగలేదు.

#14 నాయిస్_నాగమణి
అడగరు దుర్గా. "గేమ్‌లా ఉంది" అని మాత్రం అంటారు. పోస్ట్ #1లో ఉన్నది అదే కదా.

#15 డెడ్‌లైన్_దుర్గ
నా రెండర్లని ఎవరూ అలా అనలేదు.

#16 వడపళని_వాసు
దుర్గ గారి పెద్ద ఏరియా లైట్ ఐడియా తప్పేం కాదు. నాలుగు మూలల్లో సున్నా రేడియస్ బల్బుల కంటే వెయ్యి రెట్లు నయం. సినిమా వాళ్ళు చేసేదీ అదే. సత్యజిత్ రాయ్ 1956 సినిమా 'అపరాజితో'కి కాశీ ఇంటి నడిమి వాకిలిని స్టూడియోలో సెట్ వేశారు. పైనుంచి ఆకాశం వెలుతురు పడే వాకిలి అది, అలాంటి చోట నీడలు గట్టిగా పడవు. కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్ పైన కప్పులా తెల్లగుడ్డ పరిచి, లైట్లన్నీ కింద నుంచి దాని మీదకి కొట్టి, తిరిగొచ్చిన వెలుతురుతో తీశాడు. ఇప్పటికీ మా పక్క షూటింగుల్లో థర్మోకోల్ షీటు, బటర్ పేపర్ చేసే పని అదే, చిన్న లైటుని పెద్దది చేయడం.

నేను ఒప్పుకోనిది ఏఓ మల్టిప్లై. అది ఎండలో ఉన్న మూలల్ని కూడా నల్లగా చేస్తుంది. సోఫా కింద మసి పూసినట్టు కనబడుతుంది. ఇంకోటి, కెమెరా వెనక నుంచి లైటు కొడితే వస్తువుల నీడలు వాటి వెనక్కే పోయి ఫ్రేమ్‌లో కనబడవు, హాల్ చప్పగా అయిపోతుంది. పక్క నుంచి, కిటికీ ఉన్న వైపు నుంచి పెట్టండి.

#17 డెడ్‌లైన్_దుర్గ
కెమెరా వెనక లైట్ మాట ఒప్పుకుంటా. ఏఓ మాట ఒప్పుకోను, 30 శాతం ఒపాసిటీలో పెడితే ఎవరికీ తెలీదు.

#18 పాలీకౌంట్_పంతులు
లైట్ల గొడవ సరే, సోఫా కాళ్ళు నిజంగా నేలకి తగిలాయా? సైడ్ వ్యూలోకి వెళ్ళి జూమ్ చేసి చూడు.

#19 సర్జాపూర్_సత్తి
పంతులు గారూ... రగ్గు పెట్టినప్పుడు సోఫా పైకి జరిపాను, ఆ తర్వాత రగ్గు చిన్నది చేశాం. 8 ఎంఎం గాల్లో ఉంది.

#20 పాలీకౌంట్_పంతులు
🙏

#21 కోరమంగళ_కల్యాణి
ఇక్కడ సూర్యుడి వ్యాసం దాకా వెళ్ళొచ్చారు అందరూ 😂

#22 పాలీకౌంట్_పంతులు
ఇంకో మాట. టీపాయ్, టీవీ యూనిట్ అంచులకి చిన్న బెవెల్ (అంచు కాస్త చెక్కడం) ఇవ్వు, ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. కార్పెంటర్ చేసిన ఏ వస్తువుకీ అంచు బ్లేడులా ఉండదు. బెవెల్ ఉంటే అంచు మీద సన్నటి వెలుగు గీత వస్తుంది, నేలతో కలిసే చోట సన్నటి నీడ గీత వస్తుంది.

#23 నాయిస్_నాగమణి
ఇక చుక్కల సంగతి. సత్తీ, బాల్కనీ స్లైడింగ్ తలుపుకి గ్లాస్ షేడర్ (అద్దంలా ప్రవర్తించే మెటీరియల్) పెట్టావు కదా? సైకిల్స్‌లో నేల మీది పాయింట్ నుంచి సన్ వైపు పంపే షాడో రే (మధ్యలో అడ్డుందా అని చూసే కిరణం) ఆ అద్దం దగ్గరే ఆగిపోతుంది. వెలుతురు లోపలికి రావాలంటే కాస్టిక్స్ దారిలో (అద్దంలో వంగి వచ్చే దారి) తిరిగి రావాలి, అవే నీ తెల్ల చుక్కలు. అద్దం మెటీరియల్‌లో మిక్స్ షేడర్ పెట్టి, ఒక వైపు గ్లాస్, ఇంకో వైపు ట్రాన్స్‌పరెంట్, ఫ్యాక్టర్‌కి లైట్ పాత్ నోడ్‌లో 'ఈజ్ షాడో రే' తగిలించు. కెమెరాకి అద్దం అద్దంలాగే కనబడుతుంది, ఎండ మాత్రం నేరుగా దాటుతుంది.

కోవ్‌లో ఏం పెట్టావు? ఎమిషన్ మెటీరియల్ వేసిన స్ట్రిప్ మెష్ అయితే తీసెయ్. సన్నగా పొడుగ్గా ఏరియా లైట్లు పెట్టి సీలింగ్ వైపు తిప్పు. కోవ్‌లో అందమంతా సీలింగే లైటు అయిపోవడంలో ఉంది. అంత పెద్ద లైటు కాబట్టి దాని కింద నీడలు అంచులే లేనంత మెత్తగా వస్తాయి. దాన్నే ఫిల్‌గా (చీకటి చోట్లని నింపే వెలుతురుగా) వాడుకో, ఆ నాలుగు పాయింట్ లైట్లు డిలీట్ చెయ్. ఫ్యాన్ గొడవ కూడా తీరుతుంది.

#24 జీపీయూ_గోపి
ఇన్‌డైరెక్ట్ క్లాంప్ (బౌన్స్ అయిన వెలుతురుకి పెట్టే గరిష్ట పరిమితి) తగ్గిస్తే చుక్కలు పోతాయి కదా, షేడర్ మార్చడం ఎందుకు?

#25 నాయిస్_నాగమణి
పోతాయి, వాటితో పాటు వెలుతురూ పోతుంది. మరీ తగ్గిస్తే సీలింగ్ మసకేస్తుంది. డిఫాల్ట్ 10 ఉంచి, ఇంకా చుక్కలుంటే అప్పుడు 5కి రా.

#26 ఆవకాయ_ఆర్కిటెక్ట్
కిటికీకి పోర్టల్ పెట్టాడా?

#27 జీపీయూ_గోపి
పోర్టల్ వల్ల ఏం తేడా రాదు, నేను పెట్టి చూశా.

#28 నాయిస్_నాగమణి
నీ సీన్‌లో వరల్డ్ లైటింగ్ ఉందా గోపీ, సన్ లైట్ ఒక్కటేనా?

#29 జీపీయూ_గోపి
సన్ ఒక్కటే.

#30 నాయిస్_నాగమణి
అయితే తేడా రాదు మరి. పోర్టల్ సొంతంగా వెలుగు ఇవ్వదు. ఆకాశం నుంచి, అంటే వరల్డ్ టెక్స్చర్ నుంచి వచ్చే వెలుతురు ఏ కన్నంలోంచి లోపలికొస్తుందో సైకిల్స్‌కి చూపిస్తుంది, అంతే. స్కై టెక్స్చర్ గానీ హెచ్‌డీఆర్‌ఐ (వెలుగు తేడాలన్నీ పట్టిన 360 డిగ్రీల ఫోటో) గానీ ఉంటే ఒక్క బాల్కనీ ఉన్న హాల్లో చాలా ఉపయోగం. ఏరియా లైట్‌ని తలుపు సైజుకి సరిపెట్టి, లోపలికి తిప్పి, పోర్టల్ టిక్ చెయ్యాలి.

#31 మైలాపూర్_మధు
హెచ్‌డీఆర్‌ఐ వాడేవాళ్ళకి ఒక జాగ్రత్త. ఉచితంగా దొరికేవాటిలో చాలావాటికి సూర్యుడి దగ్గర వెలుగు క్లిప్ అయి (ఒక హద్దు దగ్గర తెగిపోయి) ఉంటుంది. అది పెడితే ఎండ ఫోటోయే, నీడలు మాత్రం మబ్బు రోజువి. పాలీ హేవెన్‌లో డైనమిక్ రేంజ్ బాగా ఉన్నవి దొరుకుతాయి, లైసెన్స్ గొడవ కూడా లేదు, సీసీ జీరో. ఒకవేళ హెచ్‌డీఆర్‌ఐలో సూర్యుడు సరిగా ఉంటే పైన ఇంకో సన్ లైట్ పెట్టొద్దు, రెండు నీడలు పడతాయి. స్కై టెక్స్చర్‌లో సన్ డిస్క్ టిక్ ఉన్నా అదే సంగతి.

#32 సర్జాపూర్_సత్తి
చాలా మారింది. పాయింట్ లైట్లు తీసేశా, గ్లాస్ మార్చా, స్కై టెక్స్చర్ (సన్ డిస్క్ ఆఫ్) ప్లస్ సన్ ప్లస్ పోర్టల్. చుక్కలు దాదాపు పోయాయి. సోఫా కూర్చుంది.

కొత్త సమస్య: బాల్కనీ పక్క గోడ బ్లీచింగ్ పౌడర్ చల్లినట్టు తెల్లగా కొట్టుకుపోతోంది, లోపలి గోడ ఇంకా చీకటే. ఎక్స్‌పోజర్ పెంచితే ఆ తెల్ల గోడ ఇంకా ఘోరం.

#33 ఆవకాయ_ఆర్కిటెక్ట్
గోడ బేస్ కలర్ ఎంత? 1.0 తెలుపు పెట్టావా?

#34 సర్జాపూర్_సత్తి
అవును, క్లయింట్ ప్యూర్ వైట్ కావాలన్నారు.

#35 ఆవకాయ_ఆర్కిటెక్ట్
ప్యూర్ వైట్ పెయింటు కూడా పడిన వెలుతురంతా తిప్పి కొట్టదు. 0.8 పెట్టు. తర్వాత లైట్ పాత్స్‌లో డిఫ్యూజ్ బౌన్సులు చూడు, డిఫాల్ట్ 4. 0.8 గోడలో నాలుగు దెబ్బల తర్వాత కూడా వెలుతురు 41 శాతం మిగిలి ఉంటుంది, దాన్ని నువ్వు అక్కడ నరికేస్తున్నావు. ఎనిమిది చెయ్. లోపలి గోడకి కావాల్సిన వెలుతురు అక్కడే ఉంది. టైమ్ కొంచెం పెరుగుతుంది, పర్లేదు.

వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (లెక్కించిన వెలుగుని స్క్రీన్ రంగులుగా మార్చే పద్ధతి) స్టాండర్డ్‌లో ఉందేమో కూడా చూసుకో. 4.0 నుంచి ఏజీఎక్స్ డిఫాల్ట్, కానీ పాత ఫైల్ తెరిస్తే పాతదే ఉంటుంది. స్టాండర్డ్‌లో ఎండ పడిన చోటంతా ఒకేసారి తెల్లబడిపోతుంది, నీడ అంచులోని మెల్లని మార్పు కూడా అందులోనే కొట్టుకుపోతుంది.

#36 సర్జాపూర్_సత్తి
స్టాండర్డే ఉంది. పాత ప్రాజెక్ట్ ఫైల్ కాపీ చేసి మొదలుపెట్టిందే ఇది.

#37 బీటీఎం_భార్గవి
మధ్యలో దూరుతున్నా. నేను ఈవీలో (బ్లెండర్లోనే ఉన్న ఇంకో వేగమైన ఇంజిన్) వాక్‌త్రూ (ఇంట్లో నడుస్తున్నట్టు ఉండే వీడియో) చేస్తున్నా, ఇవన్నీ ఈవీకి వర్తిస్తాయా? అంత పెద్ద వీడియోకి సైకిల్స్ నా ల్యాప్‌టాప్‌తో అయ్యే పని కాదు.

#38 మైలాపూర్_మధు
లైటు సైజు, దూరం లెక్క ఎక్కడైనా ఒకటే. 4.2లో ఈవీని కొత్తగా రాశారు, నీడలు ముందుకంటే చాలా నయం. ప్రతి లైటుకీ షాడో సెట్టింగుల్లో జిట్టర్ అని ఉంటుంది, మెత్తటి నీడ సరిగా రావాలంటే అది ఆన్ చెయ్యి, కాస్త స్లో అవుతుంది. గోడల మీంచి బౌన్స్ అయ్యే వెలుతురు కోసం లైట్ ప్రోబ్ వాల్యూమ్ పెట్టి బేక్ చేసుకో (ముందే లెక్కించి దాచుకో). రే ట్రేసింగ్ ఆన్ చేసినా అది స్క్రీన్ మీద కనిపించే వాటితోనే లెక్క వేస్తుంది కాబట్టి కెమెరా తిరిగేటప్పుడు వెలుతురు మారుతూ కనబడొచ్చు. గోడలు ఒక్క ప్లేన్‌తో కాకుండా మందంతో కట్టు, లేకపోతే మూలల్లో వెలుతురు కారుతుంది.

#39 బీటీఎం_భార్గవి
మూలల్లో కారడం! అదే నా బాధ, పేరు తెలీక వెతకలేకపోయా. థాంక్స్ మధు.

#40 జీపీయూ_గోపి
డీనాయిజర్ (రెండర్ అయ్యాక చుక్కలు తుడిచేది) గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ 4.1 నుంచి జీపీయూ మీద నడుస్తోంది. 512 శాంపిల్స్ చాలు.

#41 నాయిస్_నాగమణి
ఈసారి గోపి కరెక్టు. దానికి ఆల్బెడో, నార్మల్ పాస్‌లు (వస్తువుల రంగు, ఉపరితలం దిక్కు చూపే పొరలు) ఇవ్వు, ప్రీఫిల్టర్ అక్యురేట్. కానీ కడ్డీల లేత నీడలు మరీ తక్కువ శాంపిల్స్‌లో డీనాయిజ్ చేస్తే తుడిచిపెట్టుకుపోతాయి. కోవ్ మూలలో కూడా మరకలొస్తాయి. సత్తీ, ఆ రెండు చోట్ల రెండర్ రీజియన్ వేసి (ఆ ముక్క మాత్రమే రెండర్ చేసి) 512, 1024 పోల్చి చూసి నిర్ణయించుకో.

#42 సర్జాపూర్_సత్తి
1024లో ఆగా. గ్రిల్ నీడ బాగుంది. క్లయింట్‌కి వాట్సాప్‌లో పంపా. "ఇది మా హాలే!" అన్నారు. వెంటనే ఇంకో మెసేజ్: ఇదే యాంగిల్‌లో రాత్రి వ్యూ కూడా కావాలట, "కిటికీలోంచి కొంచెం వెన్నెల" అట.

#43 డెడ్‌లైన్_దుర్గ
చూశావా, లైటింగ్ బాగా చేస్తే పని పెరుగుతుంది.

#44 మైలాపూర్_మధు
వెన్నెల అంటే 'మాయాబజార్' కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ గారే రావాలి.

#45 వడపళని_వాసు
చంద్రుడూ ఆకాశంలో ఇంచుమించు సూర్యుడంతే కనిపిస్తాడు కాబట్టి సన్ యాంగిల్ అదే ఉంచొచ్చు, నీడల మెత్తదనం మారదు. స్ట్రెంగ్త్ మాత్రం నిజం లెక్కలో పెడితే ఇంట్లో బల్బు వెలిగాక వెన్నెల కనబడనే కనబడదు. కాబట్టి అక్కడ అబద్ధం ఆడాల్సిందే, దుర్గ గారు సంతోషిస్తారు. లోపల కోవ్‌కి, ల్యాంప్‌కి బ్లాక్‌బాడీ నోడ్‌లో 2700 కెల్విన్ (పసుపు వెలుగు), బయట సన్‌కి లేత నీలం, బాల్కనీ గచ్చు, తలుపు అంచు మీద మాత్రమే పడేలా తిప్పండి. బల్బుల వాట్లు జాగ్రత్త: బ్లెండర్ వాటు అంటే వెలుతురుగా బయటికొచ్చే శక్తి. మనం కొనే 9 వాట్ల ఎల్‌ఈడీకి అక్కడ రెండు వాట్ల చుట్టుపక్కల సరిపోతుంది. మీ 100 వాట్ల పాయింట్ లైటు ఫ్లడ్ లైటుతో సమానం. ల్యాంప్ రేడియస్ మూడు సెంటీమీటర్లు, పైన షేడ్ మోడల్ చేస్తే నీడ దానంతటదే వస్తుంది. వెలుతురు చాలకపోతే లైట్లు పెంచకుండా ఎక్స్‌పోజర్ పెంచండి.

#46 సర్జాపూర్_సత్తి
రేపు ఉదయం మొదలుపెడతా. సోమవారం దాకా టైమ్ అడిగా.

#47 డెడ్‌లైన్_దుర్గ
టైమ్ సంగతి తర్వాత, రాత్రి వ్యూకి వేరే కొటేషన్ పంపావా లేదా?